వాగుబాటకు అనుమతి ఎవరిచ్చారు

బడి గంటకు ఇంకా ఇరవై నిమిషాలుంది. వాగు ఒడ్డున గడ్డిలో కొత్త గుంజలు వరసగా పడి ఉన్నాయి. వాటి పక్కన పాతిన పలక మీద "సొంత స్థలం. దారి లేదు" అని ఉంది. టామ్సిన్ ఆరేళ్ల కూతురు ఈడీ ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి తల్లి వైపు తిరిగింది.

"దారి ఉందిగా అమ్మా. మనం దాని మీదే నిలబడ్డాం."

మిల్ రో ఇళ్ల నుంచి కిడ్లింగ్‌ఫర్డ్ బడికి రెండే దారులు. పొలం అంచున సాగే వాగుబాటలో వెళ్తే పది నిమిషాలు. లేదంటే తారురోడ్డు. ఆ రోడ్డుకు కాలిబాట లేదు. క్వారీ లారీలు రెండు పక్కల కంచెలనూ రాసుకుంటూ పోతాయి. మిల్ రోలో బడికెళ్లే పిల్లలు పన్నెండు మంది. టామ్సిన్‌కు కారు లేదు, నడపడమూ రాదు. గుంజలు లేచి తీగ బిగిస్తే రేపు ఈడీ చెయ్యి పట్టుకుని ఆ లారీల పక్కనే నడవాలి.

టామ్సిన్ ఊరి కౌన్సిల్‌లో గుమస్తా. మాట్లాడటం కంటే రాయడం హాయి గనుకే ఆ ఉద్యోగంలో చేరింది. మామూలుగా కౌన్సిల్ సమావేశానికి అయిదుగురు సభ్యులూ, వెచ్చగా ఉంటుందని వచ్చి కూర్చునే ఒక ముసలాయనా తప్ప ఎవరూ రారు. ఆ గురువారం మాత్రం కుర్చీలు చాలక జనం కిటికీ గట్ల మీద కూర్చున్నారు. లండన్‌లో ఉండే కొత్త యజమాని గుర్రాల కోసం రైతు గార్త్ దగ్గర ఆ పొలం కొన్నాడట. మర్యాదస్తుడే. టామ్సిన్ రాసిన ఉత్తరానికి వెంటనే జవాబిచ్చాడు. అది ఊరి దారేనని నెలాఖరులోగా కౌంటీ కార్యాలయంలో దావా వేస్తే, వాళ్లు తేల్చేదాకా కంచె వేయనన్నాడు.

"ఇరవై ఏళ్లుగా జనం అడ్డూ ఆపూ లేకుండా నడిచిన దారిని కౌంటీ వాళ్లు హక్కుగా నమోదు చేస్తారు," అని అధ్యక్షురాలు మిసెస్ ఓక్షాట్ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "ఎవరెవరు ఎన్నేళ్లు నడిచారో పత్రాల్లో రాసివ్వాలి. నెలాఖరుకు ఇంకా పదహారు రోజులే ఉన్నాయి. టామ్సిన్, ఈ పని నీది, తల్లీ."

టామ్సిన్ తలూపింది.

నాలుగు రోజుల్లో నలభై మూడు పత్రాలు వచ్చాయి. దుకాణంలో బెట్టనీ రొట్టెల సంచుల్లో ఒక్కో పత్రం పెట్టి పంపింది. డెరెక్ తన పబ్‌లో పత్రం నింపందే రెండో గ్లాసు పోయనన్నాడు. ఒకావిడ తన పెళ్లి ఊరేగింపు వానలో గొడుగులతో అదే బాటలో నడుస్తున్న ఫోటో జతచేసింది. దాని వెనక 1979 అని ఉంది. దారిలో ఎవరు ఎదురైనా "ఎన్నయ్యాయి?" అని అడిగేవాళ్లే. నలభై దాటాయని చెప్తుంటే టామ్సిన్ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

సోమవారం కౌంటీ కార్యాలయంలో దారుల అధికారి మిస్ డెలేనీకి ఫోన్ చేసి సంబరంగా ఒక పత్రం చదివి వినిపించింది. పదకొండో ప్రశ్న దగ్గరికి రాగానే మిస్ డెలేనీ ఆపింది.

"ఆ జవాబు మళ్లీ చదవండి."

"'నడవటానికి ఎవరైనా అనుమతి ఇచ్చారా?' 'ఇచ్చారు. రైతు మిస్టర్ గార్త్ గారు దయతో ఒప్పుకున్నారు.'"

"మిగతా వాళ్లు?"

టామ్సిన్ గబగబా పత్రాలు తిప్పింది. గార్త్ గారి దయ. గార్త్ గారి మంచితనం. గార్త్ గారికి మేమెప్పుడూ రుణపడి ఉంటాం. నలభై మూడింటిలో నలభై ఒకటి అవే మాటలు. అందులో ఆమె స్వయంగా రాసిందీ ఒకటి.

"ఇవి పంపితే మీ దావా ఇక్కడే ఆగిపోతుంది. అనుమతితో నడిస్తే అది ఆయన దయ, మీ హక్కు కాదు. కొత్త యజమాని ఆ దయ వద్దంటే అంతటితో సరి."

"అందరూ మర్యాద కోసం రాసి ఉంటారండీ."

"ఆ పత్రంలో మర్యాదకు గడి లేదమ్మా. జరిగింది రాయండి. అనుమతి ఇచ్చుంటే ఇచ్చారని, లేకపోతే లేదని. కానీ అబద్ధం మాత్రం వద్దు."

ఫోన్ పెట్టేశాక టామ్సిన్ తన పత్రం మళ్లీ తీసింది. అందులోని ఆ వాక్యాన్ని వేలితో తడిమింది. గార్త్ గారు తనకెప్పుడు ఒప్పుకున్నారు? ఎప్పుడూ లేదు. ఒప్పుకున్నారని అమ్మ అనేది. అమ్మకు ఎవరు చెప్పారో తెలియదు. అంతే, కోటు తగిలించుకుని బయటపడింది.

మిసెస్ ఓక్షాట్ గులాబీ కొమ్మలు కత్తిరిస్తోంది. "నేనడగలేదు తల్లీ. అడిగితే ఏం బాగుంటుంది? ఆయనకు ఇష్టమేనని బెట్టనీ చెప్పింది."

"నాకు డెరెక్ చెప్పాడు," అంది బెట్టనీ, గుడ్లు లెక్కపెట్టడం ఆపకుండా. "పబ్‌కు వచ్చేవాళ్ల గురించి అతనికి తెలియనిదేముంది?"

డెరెక్ తుడుస్తున్న గ్లాసు కిందపెట్టాడు. "నేనా? నేనెప్పుడూ అడగలేదు. చెయ్యి ఊపేవాణ్ని, ఆయనా ఊపేవాడు. ఊపడం కూడా అనుమతి కిందికొస్తుందా?"

"రాదనుకుంటా. మరి ఆయన ఒప్పుకున్నారని మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మిసెస్ ఓక్షాట్. ఆవిడ అడక్కుండా గడప కూడా దాటదు కదా."

టామ్సిన్‌కు నవ్వొచ్చింది. పరుగెత్తాలనీ అనిపించింది. ఊరంతా తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటారని ప్రతివాళ్లూ పక్కవాళ్ల మీద నమ్మకం పెట్టుకుని ఇన్నేళ్లూ నడిచారు. ఇక తేల్చవలసింది ఒక్కరే. ఆయన 'నేనే ఒప్పుకున్నాను' అంటే అలాగే రాయాలి. ఆ మాటతో దారి పోతుంది.

లెనార్డ్ గార్త్‌కు ఎనభై ఆరేళ్లు. పొలం అమ్మేసి ప్రార్థనా మందిరం వెనక చిన్న ఇంట్లో ఉంటున్నాడు. టామ్సిన్‌ను వంటింట్లో కూర్చోబెట్టి టీ పోశాడు. ఏ జవాబు కావాలో మొహంలో కనిపించకూడదని ఆమె కప్పు వైపే చూస్తూ అడిగింది.

"వాగుబాటలో నడవటానికి మీరు ఎవరికైనా అనుమతి ఇచ్చారా, మిస్టర్ గార్త్?"

"అనుమతా?" ఆయన చెంచా తిప్పడం ఆపాడు. "నేనెవర్ని ఇవ్వడానికి? అది ఊరి దారి కదా. మా నాన్న అదే చెప్పేవాడు. నా చేతికొచ్చాక ముప్పై తొమ్మిదేళ్లు ఏటా ముళ్లకంప కొట్టించాను, కంచె దాటే మెట్లు రెండుసార్లు మార్చాను. లేకపోతే మీ కౌన్సిల్ నుంచి నోటీసు వస్తుందని నా భయం."

టామ్సిన్ కప్పు కిందపెట్టింది. "ఊరి దారని మీరే అనుకున్నారా?"

"ఇంకేమనుకుంటాను? ఒక్కటి మాత్రం అర్థమయ్యేది కాదు తల్లీ. ఎవరు కనిపించినా నాకు థాంక్స్ చెప్పేవాళ్లు. క్రిస్మస్‌కు కేకులు, జామ్ సీసాలు తెచ్చేవాళ్లు. ట్రాక్టర్ ఆపి దారిస్తున్నందుకు కాబోలు అనుకునేవాణ్ని." ఆయన అనుమానంగా ముందుకు వంగాడు. "ఇప్పుడవన్నీ తిరిగివ్వాలా ఏం?"

టామ్సిన్ ఆపుకోలేకపోయింది. చాలా ఏళ్ల తర్వాత కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆయన చెప్పింది అక్కడే కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకుంది.

శనివారం హాలులో కొత్త పత్రాలు పంచారు. మిసెస్ ఓక్షాట్ పెద్ద పాత్రలో టీకి నీళ్లు మరగబెట్టింది. గార్త్ మొదటి వరసలో కూర్చున్నాడు. రాయబోయే ముందు ఒక్కొక్కరూ ఆయన దగ్గరికొచ్చారు.

"మీరు నాకెప్పుడైనా ఒప్పుకున్నారా, లెన్?"

"లేదు, బెట్టనీ."

"మంచిది. థాంక్స్."

డెరెక్‌కు మాత్రం మింగుడుపడలేదు. "అంటే ఇన్నేళ్లూ మేం దొంగతనంగా నడిచామా?"

జవాబు చెప్పేవాళ్లు ఎవరా అని టామ్సిన్ చుట్టూ చూసింది. తర్వాత తనే లేచింది. "దొంగతనం కాదు డెరెక్. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఎవర్నీ అడక్కుండా నడిచారు. అందుకే అది హక్కు."

"ఎప్పుడూ నోరు తెరవని పిల్ల, తెరిస్తే లాయర్ను మించిపోయింది," అని డెరెక్ పెన్ను అందుకున్నాడు.

రిటైరైన మాస్టారు మిస్టర్ పెన్‌హేల్ పదకొండో ప్రశ్నకు 'లేదు, అయినా వారికి ధన్యవాదాలు' అని రాశాడు. టామ్సిన్ ఆయన ముందు మరో పత్రం పెట్టింది. సాయంత్రానికి యాభై ఎనిమిది అయ్యాయి. గడువుకు రెండు రోజుల ముందు ఆమె వాటిని బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లి కౌంటీ కార్యాలయంలో అప్పగించింది.

మరుసటి జూన్‌లో జవాబు వచ్చింది. కవరు మీద కౌన్సిల్ పేరుంది కనుక సమావేశంలోనే తెరవాలని మిసెస్ ఓక్షాట్ పట్టుబట్టింది. సాయంత్రం ఏడు గంటలకు హాలు నిండిపోయింది. కవరు టామ్సిన్ ముందుంది. అది తొమ్మిదో అంశం.

"ముందు అదే చదవచ్చుగా," అన్నారెవరో వెనక నుంచి.

"పద్ధతి పద్ధతే," అంది మిసెస్ ఓక్షాట్. రాలేనివారి క్షమాపణలు. గత సమావేశం వివరాలు. కుక్కల మలం వేసే చెత్తబుట్ట ఎక్కడ పెట్టాలి. బస్‌స్టాప్ రంగు ఆకుపచ్చా, ముదురు ఆకుపచ్చా. ఈ ఒక్కసారికి ఏ సభ్యుడూ వాదించలేదు. కుక్కల చెత్తబుట్ట చరిత్రలో ఎన్నడూ లేనంత వేగంగా నాలుగు నిమిషాల్లో తేలింది. మిల్ రో పిల్లలు ముందు నేల మీద కూర్చుని కవరునే చూస్తున్నారు.

"తొమ్మిదో అంశం."

టామ్సిన్ కవరు చించింది. మొదటి పేరా లోలోపల చదువుకుంది. నీళ్లు తాగి మళ్లీ మొదటి నుంచి అందరికీ వినిపించేలా చదివింది. వాగుబాటను ప్రజల దారిగా నమోదు చేస్తున్నారు. కొత్త యజమాని అభ్యంతరం చెప్పలేదు. గుర్రాల కంచెను బాటకు అవతలగా వేసుకుంటానన్నాడు.

కుర్చీలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. పిల్లలు వాగుబాటకని ముందు పరుగెత్తారు, పెద్దలు ఒకరినొకరు తోసుకుంటూ తలుపు వైపు నడిచారు. బయట ఇంకా బోలెడంత వెలుతురుంది.

"ఇంకా పదో అంశం ఉంది," అంది మిసెస్ ఓక్షాట్. వినేందుకు ఎవరూ మిగల్లేదు. ఆవిడ కళ్లద్దాలు తీసి సంచిలో వేసుకుంది. "వాయిదా. రాసుకో తల్లీ. నా బూట్లు కారులో ఉన్నాయి."

టామ్సిన్ సమయం చూసి ఏడూ నలభై ఏడు అని రాసి, పెన్ను మూత కూడా పెట్టకుండా లేచింది. తలుపు దగ్గర ఈడీ అసహనంగా ఎగురుతోంది.

"తొందరగా రా అమ్మా, మనమే ఆఖరు."