పాదం కొలత

మూకుడులో ఎండుమిర్చి రంగు తిరిగేసరికి బ్రహ్మాజీకి దగ్గు తెర కమ్ముకొచ్చింది. గరిట వదలకుండానే మొహం పక్కకు తిప్పి, తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఎడమ రెట్ట లాగింది. ఘాటుకే అనుకున్నాడు. ఎన్నేళ్ళుగానో ఆయనకు ఏ నొప్పి వచ్చినా ఘాటుకే, పొగకే, నిలబడినందుకే. డాక్టరు దాకా వెళ్ళే తీరిక వంటవాడికి ఎక్కడిది?

తెనాలిలో ఉషశ్రీ వాళ్ళ పెరట్లో పొద్దుటినుంచీ పొయ్యి ఆరలేదు. వచ్చే నెల ఆ ఇంటివాళ్ళు, చుట్టాలు కలిసి హిమాలయాల్లో ఔలీ వెళ్తున్నారు. కొండ మీద రిసార్టులో దిగి, కాళ్ళకు పొడవాటి చెక్కల్లాంటివి కట్టుకుని మంచు మీద జారతారట. "పది రోజులకు సరిపడా పొడులూ, పచ్చళ్ళూ చేసిపెట్టు బాబాయ్," అని ఉషశ్రీ ఫోను చేసింది. ఆ ఒక్క మాటతో తనూ వెళ్తున్నట్టేనని బ్రహ్మాజీ అనుకున్నాడు. అనుకోక ఏం చేస్తాడు? కాశీకైనా, మనాలికైనా, బదరీకైనా వీళ్ళు ఆయన్నీ, గ్యాసు పొయ్యినీ, బియ్యం బస్తానీ వెంటేసుకునే వెళ్ళారు. అక్కడి రొట్టెలు వీళ్ళ నోటికి ఎక్కవు మరి.

ఆయన పుట్టింది బాపట్ల దగ్గర సముద్రపొడ్డున. పడవెక్కితే వాంతులు. చిన్నప్పుడు లంగరు కాలి మీద పడి కుడి బొటనవేలు వంకరపోయింది కూడా. వీడు వేటకు పనికిరాడని తండ్రి గట్టు మీద వంటకు కూర్చోబెట్టాడు. అప్పుడు పట్టిన గరిటే ఇప్పటికీ. ఆయన పులుసు బాగుందన్నవాళ్ళు బోలెడుమంది, పేరు అడిగినవాళ్ళు తక్కువ.

మనాలిలో అందరూ మంచు చూడటానికి పైకి వెళ్తే, ఆయన సామాను కాపలాకు కింద సత్రంలో ఉండిపోయాడు. రేపల్లెలో ఇంటికి రాగానే భార్య నాగమల్లేశ్వరి అడిగింది.

"మంచు ఎట్టా ఉంటదయ్యా?"

పక్కిళ్ళ ఆడవాళ్ళు కూడా నిలబడి వింటున్నారు. "మెత్తగా ఉంటది. కాలు పెడితే దిగబడిపోద్ది," అన్నాడు.

ఆ అబద్ధాన్ని ఆమె వీధంతా చెప్పి, మొగుణ్ణి గొప్పవాణ్ణి చేసి కూర్చుంది. చెప్పినప్పుడల్లా ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఒక్క అడుగు మంచులో వేసొస్తే చాలు, ఆ మాట నిజమైపోతుంది. అందుకే ఇవాళ రైలు దిగగానే, స్టేషను బయట స్వెట్టర్లమ్మే బండి దగ్గర ఊలు సాక్సులు కొన్నాడు.

"తెనాల్లో ఇయ్యెందుకు బాబాయ్?" అన్నాడు బండతను.

"ఇక్కడికి కాదులే." ఆ మాట అన్నప్పుడు ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

భోజనాలయ్యాక అందరూ హాల్లో చేరారు. మంచు బూట్ల కోసం కొలతలు పంపాలి. ఉషశ్రీ తమ్ముడు బాబీ నేల మీద పాత పేపర్లు పరిచి, ఒక్కొక్కరి పాదం చుట్టూ పెన్నుతో గీస్తున్నాడు. పిల్లలు చక్కిలిగిలికి మెలికలు తిరుగుతున్నారు.

బ్రహ్మాజీ ఆ సంగతి నాగమల్లేశ్వరికి ఫోనులో చెప్పి, పంపు దగ్గర కొబ్బరిపీచుతో మడమలు తోముకున్నాడు. పగుళ్ళలో మసి పూర్తిగా పోలేదు. తుడుచుకుని వచ్చి, అందరికన్నా వెనక నిలబడ్డాడు.

"ఊలు సాక్సులేసుకుని పెట్టాలా బాబూ, ఉత్త కాలేనా?"

బాబీ పెన్ను ఆగింది. అక్క వైపు చూశాడు. ఆ రిసార్టులో బయటి వంట ఒప్పుకోరు, భోజనాలన్నీ వాళ్ళవే. అందుకే పొడులు చాలనుకున్నారు. బాబాయ్‌తో అక్క చెప్పే ఉంటుందని తమ్ముడు, తమ్ముడు చెప్పే ఉంటాడని అక్క ఊరుకున్నారు.

"ఉత్త కాలే బాబాయ్. పెట్టు," అంది ఉషశ్రీ, ఆయన మొహం చూడకుండా.

బాబీ గీశాడు. మిగతావాళ్ళకు గీయగానే స్కేలు పెట్టి, ఫోన్లో ఎక్కించుకున్నాడు. ఈయనకు గీసి లేచాడు.

"కొలవలేదు బాబూ."

"తర్వాత చూస్తాలే బాబాయ్."

సాయంత్రం పొడులన్నీ డబ్బాలకెత్తి, ఆఖరుగా వంటింట్లోకి వెళ్ళాడు. గోంగూర జాడీ నూనె ఓడుతోందని ఎవరో కింద పేపరు వేశారు. దాని మీద పాదం గీత ఉంది. బొటనవేలు వంకర. మడమ వైపు నూనె పీల్చుకుని, గీత చెదిరిపోతోంది.

ఆయన జాడీ అంచు తువ్వాలుతో తుడిచాడు. వెనక ఉషశ్రీ వచ్చింది.

"బాబాయ్... అక్కడ వంట చెయ్యనివ్వరంట. నీతో చెప్దామనే..."

"పర్లేదమ్మా. నూనె ఇంకా ఊరుద్ది. రేపు ఈ పేపరు తీసేసి వేరేది వెయ్యండి," అన్నాడు.

రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. బండి కదలగానే నాగమల్లేశ్వరి ఫోను చేసింది.

"కొలతలు తీసుకున్నారా?"

"పేపరు మీద కాలు పెట్టించి గీసుకున్నారు." ఇది మాత్రం అబద్ధం కాదు.

"ఈసారి నాక్కూడా సీసాలో కాస్త మంచు పట్టుకురారాదూ."

"కరిగిపోద్దే పిచ్చిదానా," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

సాక్సులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెట్ట మళ్ళీ లాగింది. ఇక్కడ మిర్చి ఘాటు లేదు. ఈ నొప్పి దేనికో ఆయనకు తట్టలేదు. కిటికీ ఊచలకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

రేపల్లెలో లైను అయిపోతుంది. అందరూ దిగారు. పల్లీలమ్మే పుష్పలత బుట్ట ఎత్తుకుంటూ ఆయన భుజం తట్టింది.

"లెగు బాబాయ్. రేపల్లె వచ్చింది."

ఇంకోసారి తట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

నలుగురు కలిసి ఆయన్ని దింపారు. గరిట ఉన్న సంచీ కూడా ఎవరో దింపారు. ఖాళీ బోగీలో, ఆ సీటు కింద ఊలు సాక్సులు పడి ఉన్నాయి. జతను కలిపి కుట్టిన దారం ఇంకా తెంపలేదు.