మిషన్ ఆగిన చోట

“వాళ్ళు నిన్ను దొంగ అంటే ఏం చేస్తావే?”

సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది తల్లి. ఇంకా ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. స్టూడియోకి బయలుదేరడానికి ఇంకా రెండు గంటల టైముంది. అయినా ఏదీ జరగకముందే భయపడి పెట్టుకోవడం ఆమెకు అలవాటు. ముందే భయపడిపోతే, రాబోయే ఆపద ఇక్కడ తన పని అయిపోయిందనుకుని వేరే ఇంటికి పోతుందని ఆమె లెక్క.

“అననీ అమ్మా. అన్నప్పుడు చూద్దాం,” అంది కూతురు, నేల మీద కూర్చుని వైర్లు చుట్టుకుంటూ.

“చూద్దామంటే అయిపోతుందా? పెద్ద పెద్ద గొంతులు వాళ్ళవి. నువ్వేమో కోపమొస్తే నోరు మూసుకునే రకం. ఆ వైర్లు అలా మెలిపెట్టకు, లోపల తెగి షాకు కొడుతుంది.”

“ఇవి చెవులకు పెట్టుకునేవమ్మా. వీటి షాకుకి చీమ కూడా చావదు.”

“చీమ సంగతి నాకెందుకు, చెవి సంగతి చెప్పు.”

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే కుట్టుమిషన్, దాని మీద బడిపిల్లల యూనిఫాంలు, ఆసుపత్రి వాళ్ళ దిండు గలీబులు. కూతురికి ‘పిచ్చుక’ అనే పేరు పెట్టింది కూడా ఆమే. నడక రాకముందే ఆ పిల్ల మిషన్ కింద పాకుతూ, గిన్నె మీద గరిటెతో, పెట్టె మీద గుప్పిటతో, ఎప్పుడూ ఏదో ఒకటి పొడుస్తూ ఉండేది. బడిలో బల్ల మీద దరువు వేసిందని మూడుసార్లు గుమ్మం బయట నిలబెట్టారు. నాలుగోసారి టైలరమ్మను పిలిపించి, “మీ అమ్మాయి చేతులు ఊరుకోవండీ,” అన్నారు టీచరు. ఊరుకోని చేతులున్న ఆడపిల్ల ఏమైపోతుందోనని ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు.

ఏమైందంటే, పిచ్చుక హిప్ హాప్ ప్రొడ్యూసర్ అయింది. మొదట్లో ఆ మాట ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. తండ్రి వీధంతా తిరిగి మా అమ్మాయి ప్రొడ్యూసర్ అని చెప్పుకుంటే, అందరూ ఏ సినిమా తీస్తోందని అడిగారు. సినిమా కాదట. గబగబా మాటలు విసురుతూ పాడే పాటలుంటాయి కదా, ఆ మాటల కింద నడిచే దరువు, దాని చుట్టూ ఉండే సంగీతమంతా పుట్టించేది ప్రొడ్యూసరట. ఇల్లు కట్టే మేస్త్రీ లాగన్నమాట, గృహప్రవేశం ఫోటోలో కనబడదు గానీ గోడ నిలబడేది ఆ మనిషి వల్లే. పాత కంప్యూటరొకటి సంపాదించి, వేరే చప్పుడు పడకుండా బట్టల బీరువాలో తల దూర్చి దరువులు కట్టేది. లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు, వానకి రేకు మీద పడే చినుకులు, బస్సు బ్రేకు కీచుమనడం, అన్నీ పట్టి దాచుకునేది. ఐదేళ్ళు అలా చేసింది. ఇప్పుడు ఆమె దరువు మీద పాడటానికి కుర్రాళ్ళు వరసలో నిలబడతారు. స్టూడియోలో మీటలున్న ఆ పెద్ద బల్ల ముందు కూర్చునే ఆడపిల్ల ఆమె ఒక్కతే.

టైలరమ్మ కూతురి పాటను ఒకే ఒక్కసారి హాల్లో విన్నది. కప్పు కూలుతుందేమోనని తలుపు దగ్గరే నిలబడింది. దరువు మొదలవగానే పక్కటెముకల్లో ఎవరో కూర్చుని తొక్కుతున్నట్టయింది. వెయ్యి మంది కాళ్ళు ఒక్కసారిగా లేచి పడుతున్నాయి. సరిగ్గా ఒకచోట, మాట సగంలో ఉండగా, దరువు ఠక్కున ఆగిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ క్షణంలో, చెప్పులో తనకు తెలియకుండానే ఆడుతున్న ఆమె కుడికాలు కూడా దానంతటదే ఆగింది. మళ్ళీ దరువు అందుకోగానే జనం అరిచిన అరుపుకి, కప్పు సంగతి మర్చిపోయి, పక్కనున్న ముక్కూ మొహం తెలియని పిల్లతో, “మా అమ్మాయి,” అంది. ఆ పిల్లకి వినపడలేదు. మళ్ళీ చెప్పింది. మూడోసారి అరిచి చెప్పింది.

ఆ పాటకే ఇప్పుడు తగాదా. పెద్ద సంగీత సంస్థ ఒకటి దాన్ని విడుదల చేస్తానంది. సంగీతం ఎవరిదో పేరు రాసి పంపమంది. పాడినవాడు, వీధిలో వాణ్ణి బులెట్టు అంటారు, సంగీతం తనదే అన్నాడు. పాటకు ప్రాణం ఆ ఆగడమే కదా, అక్కడ ఆపమన్నది నేనే, పిచ్చుక మీటలు నొక్కింది అంతే, అన్నాడు. ఈరోజు ఇద్దరూ వచ్చి తేల్చుకోండి, సాయంత్రం పేరు పంపేస్తాను, అన్నాడు స్టూడియో యజమాని. ఒకసారి పంపిన పేరు మళ్ళీ మార్చడం కుదరదట.

సంగతి తెలిసిన రోజున టైలరమ్మ కూతురితో అన్నది, “పేరుదేముందే, పని దొరుకుతోంది కదా. సర్దుకుపో.” అన్నాక తన గొంతే తనకి పరాయిగా వినిపించింది. అది తన అత్తగారి గొంతు.

పిచ్చుక వైర్లు పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. “అమ్మా, నీకొకటి వినిపించాలి. ఆ పాటలో నీ మిషన్ ఉందని తెలుసుగా.”

తెలుసు. తెలియబట్టే కదా ఆమె ఘనకార్యం చేసింది. తన డొక్కు మిషన్ కిర్రుమనడం వెయ్యి మంది విన్నారని తెలిసి సిగ్గుతో చచ్చిపోయి, మర్నాడే రిపేరు మనిషిని పిలిపించి, ఒళ్ళంతా నూనె పోయించి, బెల్టు కూడా కొత్తది వేయించింది. పాత బెల్టుకి అతుకు దగ్గర ఇనుప కొక్కెం ఉండేది. చక్రం తిరిగినప్పుడల్లా అది టక్కున తగిలేది. ఆ టక్కే పాటకు వెన్నెముకట! ఇంటికొచ్చి మిషన్ చూసి పిచ్చుక నెత్తి పట్టుకుని కూలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. ఇప్పుడు మిషన్ మోసుకెళ్ళి చూపిద్దామన్నా అది పట్టు మీద నడిచినట్టు నడుస్తోంది.

“ఇది రెండేళ్ళ కిందట పట్టింది. అసలుది. ఏమీ తీసెయ్యనిది.” కూతురు హెడ్‌ఫోన్లు తల్లి చెవులకు పెట్టింది.

కిర్రు, టక్. కిర్రు, టక్. తన కాలే. ఏదో పొడుగు కుట్టు, తెర అయి ఉంటుంది. వడి అందుకుంది. అంతలో లోపలి గదిలోంచి దగ్గు. దగ్గు వెంటనే మిషన్ చచ్చినట్టు ఆగింది. ఆ వెనకే భర్త గొంతు: “ఆపవే ఆ దరిద్రపు చప్పుడు! మనిషి పడుకున్నాడన్న జ్ఞానం లేదు.” తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలో తన ఊపిరి తనకే వినిపించింది. కాసేపటికి మళ్ళీ కిర్రు, మెల్లగా, దొంగలా.

హెడ్‌ఫోన్లు తీసేసింది.

“ఆ ఆగడం నేను కనిపెట్టింది కాదు, వాడు చెప్పిందీ కాదు. అది నీదమ్మా,” అంది పిచ్చుక. “దగ్గు, నాన్న మాట తీసేసి, నువ్వు ఆగినంతసేపూ అలాగే ఉంచాను. దీన్ని వినిపిస్తే నిమిషంలో తేలిపోతుంది. కానీ ఇది నీ ఇల్లు, నీ పరువు. నువ్వు వినిపించమంటేనే వినిపిస్తా. వద్దంటే, పేరు వాడికే పోనీ.”

టైలరమ్మ చేతిలోని సూదిలోంచి దారం జారిపోయింది.

భర్త రాక్షసుడేం కాదు. ముప్ఫయ్యేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేశాడు. పొద్దున్నే వచ్చి పడుకునేవాడు. “మగవాడు పడుకున్న ఇంట్లో ఆడదాని చేతికి చప్పుడుండకూడదు,” అని కాపురానికి వచ్చిన వారానికే అత్తగారు చెప్పింది. ఆమె నేర్చుకుంది. గిన్నె కింద గుడ్డ వేసి దించడం, కుళాయి గొంతులో వేలు పెట్టి నీళ్ళు పట్టడం, బట్టలు బాదకుండా పిసకడం, పిల్ల ఏడుపు లేవకముందే నోటికి రొమ్ము అందించడం. ఇంటి చాకిరీ ఒక పని, అది చప్పుడు కాకుండా చేయడం రెండో పని. మొదటిది చెయ్యకపోతే తిట్లు. రెండోది చేసిందని ఎవరికైనా తెలిస్తే కదా! బాగా చేసేకొద్దీ ఆమె ఉన్నట్టే తెలియదు. మిషన్ మాత్రం మాట వినలేదు. అందుకని చెవిని లోపలి గదిలో పెట్టి, కాలిని పెడల్ మీద పెట్టి కుట్టేది. దగ్గు పూర్తయ్యేలోపు కాలు ఆగాలి. ఆయన రిటైరై ఐదేళ్ళయింది. రాత్రి డ్యూటీ పోయింది గానీ పగటి నిద్ర మాత్రం రిటైరవలేదు. ఆమె కాలూ అంతే. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆగిందో! ఒక్కోసారి రెండు నిమిషాలు, ఒక్కోసారి పూట. ఇలా ఆగిన వేళలన్నీ ఎటుపోయాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఒకటి మాత్రం పోలేదు. మిషన్ కింద పెరిగిన పిల్ల దాన్ని పట్టి దాచింది. దానికే వెయ్యి మంది ఊపిరి బిగబడుతున్నారు.

“రెడీ అయ్యారా?” భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. “నేనూ వస్తున్నా. మీరిద్దరూ వెళ్ళి బిక్కమొహాలు వేసుకుని వస్తారు. మా పిల్ల కష్టం ఇంకోడు కాజేస్తే చూస్తూ ఊరుకుంటానా?”

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. టైలరమ్మ బస్సు కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. జరగబోయేవన్నీ ఆమె కళ్ళ ముందు వరస కట్టాయి. నలుగురిలో ఆయన తల దించుకోవడం, ఇంటికొచ్చాక ఆ మౌనం, పిల్లతో తండ్రి మాటలు మానేయడం, ఆయనకు బీపీ పెరగడం. ఆ వరస చివర ఇంకోటి కూడా నిలబడింది. ముప్ఫయ్యేళ్ళ తర్వాత పిచ్చుక ఏదో ఇంట్లో గిన్నె కింద గుడ్డ వేసి దించుతోంది.

స్టూడియో గది గోడలకు పరుపుల్లాంటివి అతికించారు. తలుపు మూయగానే వీధి మాయమైంది. ఇలాంటి గదిలో ఎంత చప్పుడు చేసినా ఎవరి నిద్రా చెడదు కదా, అనుకుంది టైలరమ్మ.

“నమస్తే ఆంటీ,” అన్నాడు బులెట్టు, లేచి కుర్చీ ఇచ్చాడు. మర్యాద తెలిసిన పిల్లాడే. అదే మర్యాదతో అన్నాడు, “పిచ్చుక టాలెంటెడే సార్, నేను కాదనను. బటన్లు బాగా నొక్కుతుంది. కానీ ఆ గ్యాప్ ఫీల్ నాది. అది ఆడవాళ్ళకి వచ్చే ఐడియా కాదు.”

యజమాని పాట పెట్టాడు. దరువు వచ్చింది, ఆగింది, అందుకుంది. ఆపేసి అడిగాడు. “ఇక్కడ తాళం మధ్యలో ఆగుతోంది. లెక్క ప్రకారం ఎవరూ ఇక్కడ ఆపరు. బులెట్టూ, ఇక్కడే ఎందుకు?”

“ఫీల్ సార్. అలా వచ్చేసిందంతే.”

“నువ్వు చెప్పమ్మా. ఎక్కడిది ఇది?”

పిచ్చుక కంప్యూటర్ తెరిచింది. వేలు మీట మీద పెట్టింది. నొక్కలేదు. తల్లి వైపు చూసింది.

యజమాని వాచీ చూసుకున్నాడు. బులెట్టు చిన్నగా నవ్వాడు.

“ఏంటి మీ అమ్మ వైపు చూస్తావు?” అన్నాడు తండ్రి. “ఏమే, నీకేమైనా తెలిస్తే చెప్పు. మన దగ్గర దాచేదేముంది? భయమెందుకు, నేనున్నాగా.” అంటూ, అలవాటు ప్రకారం దగ్గాడు.

కుర్చీ కింద టైలరమ్మ కుడికాలు అంతసేపూ మెల్లగా ఆడుతూనే ఉంది, మిషన్ లేకపోయినా. దగ్గు వినగానే ఠక్కున ఆగింది. పిచ్చుక చూసింది. కూతురు చూడటం తల్లి గమనించింది.

టైలరమ్మ ఆగిన కాలి వైపు చూసుకుంది. తర్వాత మడమ ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. చెప్పు నేలకు తగిలి టక్కుమంది. భర్త ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. కాలు ఆగలేదు.

“వినిపించు,” అంది. “మొదట్నుంచీ వినిపించు. దగ్గు తీసెయ్యకుండా.”