కార్తీకంలో కానాగంతలు

అసిరయ్య కానాగంత చేపల మీద తడి గోనె కప్పి, బుట్టను సైకిలు వెనక బిగించి కట్టాడు. ముప్పై ఏళ్లలో తాళ్లు మారాయి గానీ ముడి మారలేదు. రబ్బరు హారన్ మీదికి అలవాటుగా వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. నాలుగు రోజులుగా దాన్ని నొక్కాలంటే అతనికి భయం.

భార్య గవరమ్మ స్టీలు మూతగిన్నె ఒకటి తెచ్చి సంచిలో పెట్టింది.

"పది గంటలకి పోలీసు చౌకీకి రమ్మన్నారు గదా. ఇది దుర్గారావు బాబుకి సూపించు. టీచరమ్మ పేరుంది దీనిమీద. ఆవిడే నీకెదురొచ్చిందని తెల్సిపోద్ది."

"సూద్దాంలే."

"సూద్దాం ఏటి? జైలుకెల్తే తెలుస్తాది!"

దీవిలోని మిన్నీ బే సముద్రపు ఒడ్డున నడిచేవాళ్లకీ సైకిళ్లకీ కలిపి ఒకటే బాట. అక్కడి బోర్డు అసిరయ్య చదవలేడు. నడిచేవాళ్లదే ముందు దారి అని మాత్రం తెలుసు. రిటైరైన టీచరు కమలాకుమారి ఏటా కార్తీకమాసంలో ఇంట్లోవాళ్లతో పాటు నీచు మానేసేది. అంటే, మానేసినట్టు కనబడేది. పొద్దున్నే వాకింగని బయల్దేరి, హారన్ వినగానే పక్కకు తప్పుకోవలసింది పోయి, కొంగుచాటున గిన్నెతో ఎదురొచ్చేది. పక్కింటి పొయ్యి మీద వేయించుకుని అక్కడే తినేసి వెళ్లేదట. ఆ దొంగ సంబరం చూస్తే అసిరయ్యకు భలే ముచ్చటేసేది.

"మా అమ్మాయి సింధూరికి తెలిస్తే నా పరువు పోతుంది. ఒట్టెయ్యి అసిరయ్యా" అంటే నవ్వుతూ ఒట్టేశాడు.

నాలుగు రోజుల కిందట కూడా వాలులో వస్తూ హారన్ కొట్టాడు. మలుపు దగ్గర ఆవిడ ఎదురొచ్చింది. ఎప్పట్లా అంచున ఆగుతుందిలే అనుకున్నాడు. ఆగలేదు. సైకిలు తగిలి పడి ఆవిడ తుంటి విరిగింది. అంబులెన్సు వెళ్లాక చూస్తే గిన్నె గడ్డిలో పడి ఉంది. అప్పుడు బాట మీద ఇంకెవరూ లేరు.

ఇవాళ బాట పొడవునా సైకిలు నడిపించుకునే వెళ్లాడు. హారన్ మోగకపోతే చేపలబండి వచ్చిందని ఎవరికి తెలుస్తుంది? సగం బుట్ట మిగిలిపోయింది.

చౌకీలో హెడ్ కానిస్టేబుల్ దుర్గారావు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా సింధూరి, కమలాకుమారి కూతురు. నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"హారన్ కొట్నాను బాబూ."

"కొడితే మా అమ్మ తప్పుకునేది భయ్యా! ఇతను వాలులో దూకుడుగా వచ్చేశాడు."

"దేఖో అసిరయ్యా," అన్నాడు దుర్గారావు, "ఆ బాట మీద సైకిలువాడే జాగ్రత్తపడాలి. ఆవిడే అడ్డొచ్చిందంటే నీ తప్పు తగ్గుద్ది. లేకిన్ ఎందుకొస్తాది? నీ దగ్గర చేపలు కొంటదా?"

"కార్తీకంలోనా?" సింధూరి కస్సుమంది. "ఈ నెలలో మా అమ్మ నీచు వాసన కూడా ఇంట్లో పడనివ్వదు."

అసిరయ్య చెయ్యి సంచిలోకి వెళ్లింది. చల్లగా మూత తగిలింది. ఒక్కసారి పైకి తీస్తే చాలు.

సింధూరి ఫోను మోగింది. విని, "ఎప్పుడు?" అంది. ఫోను పెట్టేసి, "అమ్మ పోయింది" అంది మామూలుగా. కాసేపటికి గానీ ఏడుపు రాలేదు.

"ఎంత నిష్ఠగా బతికింది భయ్యా, మా అమ్మ!"

దుర్గారావు పెన్ను కింద పెట్టాడు. "ఇక సెక్షన్ మారిపోద్ది అసిరయ్యా. చావు కేసు. సచ్ బోల్. నీ తరపున చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

అసిరయ్యకు గవరమ్మ ముఖం కళ్లముందు మెదిలింది. వేలు ఇంకా మూత మీదే ఉంది, చుక్కలు చుక్కలుగా చెక్కిన ఆ పేరు మీద. చదవడం రాకపోయినా అది ఎవరి పేరో ఆ వేలికి తెలుసు.

"హారన్ కొట్నాను బాబూ. బ్రేకు ఎయ్యలేదు. ఆగుద్దిలే అనుకున్నాను. అంతే, రాసుకోండి."

అందులో అబద్ధం లేదు. వేలిముద్ర వేసి, బయటికొచ్చి సంచిని సైకిలుకు తగిలించాడు.

"ఆ కానాగంతలు ఎవరికైనా ఇచ్చీండి బాబూ, పాడైపోతాయి" అని పోలీసు జీపెక్కాడు.

చౌకీ గోడకు ఆనించిన సైకిలుకు, హారన్ పక్కనే ఆ సంచి వేలాడుతోంది. పైకి మూతగిన్నె అంచు కనబడుతోంది. పేరున్న వైపు లోపలికి తిరిగి ఉంది.