ఫాదర్ గారి మట్టి

తొంభై ఎనిమిదిలో, పచ్చపురుగు పత్తినంతా తినేస్తున్న రోజుల్లో, ఎదురుగాలికి మందు కొడుతూ బాలశౌరి చాళ్ల మధ్యే పడిపోయాడు. గుంటూరు ఆసుపత్రిలో మూడు రోజులైనా కళ్లు తెరవలేదు. అతని తల్లి పిచ్చమ్మ, పెళ్లయి మూడు నెలలైనా నిండని కోడలు ఇన్నమ్మను ఊరికి తరిమింది.

"రాయప్ప ఫాదర్ గారి సమాధి మట్టి చిటికెడు తేవే. డాక్టర్లు చేసేది చేశారుగా."

బస్సు మిరప యార్డు దాటుతుంటే ఆ ఘాటుకు ఇన్నమ్మకు తుమ్మొచ్చింది. పెళ్లయిన వారంలో ఇక్కడే తను తుమ్మితే, "నూరేళ్లు" అనబోయి బాలశౌరి కూడా తుమ్మాడు. ఊరు చేరేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఇప్పుడు ఒక్కతే తుమ్మి, ముక్కు తుడుచుకుంది.

ముప్పై ఏళ్లు ఊరి చర్చికి విచారణ గురువుగా ఉన్న రాయప్ప ఫాదర్ వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకుని, నల్లరేగడిలో మోకాటిదాకా దిగబడుతూ ఇంటింటికీ వచ్చేవాడట. కలరా వచ్చిన ఏడాది అయినవాళ్లే ముట్టని శవాలను భుజాన మోశాడట. ఆయన పోయాక సమాధి మట్టిని సాయిబులు కూడా నుదుట పెట్టుకునేవాళ్లు.

సమాధి ముందు ఇన్నమ్మ వంగి చెయ్యి చాపింది. మట్టి లేదు. చుట్టూ సిమెంటు, పైన నున్నటి నల్లరాయి.

కొత్త ఫాదర్ జాలిగానే చెప్పాడు. "మనమే ముందు పునీతుడని పూజలు చేస్తే ఆయన్ని పునీతుడిగా ప్రకటించమని రోములో వేసిన కేసు ఆగిపోద్దమ్మా. అందుకే మూయించాం. ఇప్పటికి ఆయన దైవసేవకుడు మాత్రమే, అది మొదటి మెట్టు."

"నాకు పునీతుడు వద్దు ఫాదర్. చిటికెడు మట్టి చాలు."

"రామ్మా, ప్రార్థన చేసుకుందాం."

చేసుకుంది. బస్సు కోసం నిలబడినచోట, పక్క పత్తిచేలో వంగి గుప్పెడు మట్టి తీసి కొంగున ముడేసుకుంది. మందు వాసన కొట్టింది.

పిచ్చమ్మ ఆ మట్టిని కొడుకు నుదుటా గుండెలమీదా రాసింది. "ఫాదర్ గారొచ్చార్రా, లే నాయనా."

సాయంత్రం నాలుగింటికి బాలశౌరి పోయాడు.

పక్క మంచం దగ్గర, అదే మందు పీల్చిన కొడుకు కాళ్లు పట్టుకుని కూర్చున్న మౌలాబీ మెల్లగా అడిగింది. "అక్కా, ఆ మట్టి మిగిలితే మా వాడికి..."

పిచ్చమ్మ ఏడుస్తూనే కోడలి కొంగు ముడి విప్పింది. "మాకు ఆలస్యమైంది. నీకు టయానికి అందింది, తీసుకో. పునీతుడి మట్టి."

ఇన్నమ్మ అత్త చెయ్యి పట్టుకోబోయింది. మౌలాబీ అప్పటికే మట్టిని కళ్లకద్దుకుంటోంది.

"ఆయన పేరేంటమ్మా?" అని ఇన్నమ్మనే అడిగింది.

"రాయప్ప ఫాదర్," అంది ఇన్నమ్మ.