అత్త కూర్చునే స్టూలు

ఆ ఇంట్లో ఎవరికి ఇంటర్వ్యూ పిలుపొచ్చినా ముందు చొక్కా ఇస్త్రీ చేస్తారు, సర్టిఫికెట్లు వెతుకుతారు, ఆ తర్వాత వంటింట్లోంచి అత్తని పిలిచి స్టూలు మీద కూర్చోబెడతారు. ఇస్త్రీ ఎవరింట్లోనైనా ఉండేదే. స్టూలు మాత్రం వీళ్ళకి తాతల నాటి నుంచీ ఉన్న వసతి.

స్టూలు మీద కూర్చున్న మనిషి అధికారిలా "మీలో లోపాలేంటి?" అనడగాలి. ఎదురుగా నిలబడ్డవాళ్ళు ఒక లోపం ఉన్నదున్నట్టు చెప్పేస్తే, అది వాళ్ళని వదిలి స్టూలు మీద మనిషికి పట్టుకుంటుంది. అప్పుడు కూర్చున్న మనిషి "ఇంకా?" అంటే, ఆ ఒక్క మాటతో ఎన్నున్నా వరసపెట్టి చెప్పుకోవచ్చు. "ఇంకేం లేవండి" అనేదాకా స్టూలు మనిషిని వదలదు. ఇందులో పెద్ద విశేషమేం లేదు.

అత్త ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంటోంది. తన పెద్దన్నయ్య నత్తి ఆవిడకే వచ్చింది, ఆయనిప్పుడు కోర్టులో గంటలకొద్దీ వాదిస్తాడు. చిన్నన్నయ్య చేతుల వణుకు ఆవిడకే వచ్చింది, ఆయన గడియారాలు బాగుచేస్తాడు, వెంట్రుకంత స్క్రూ బిగిస్తాడు మహానుభావుడు. వదినగారి మతిమరుపూ అక్కడికే చేరింది. ఆవిడ ఇప్పుడు బడిలో ముప్ఫై మంది పిల్లల పేర్లు తడుముకోకుండా పిలుస్తుంది. ఇంతా చేసి, అత్త కంచాలు తెచ్చేసరికి చేతులు వణికితే అందరూ నవ్వేవాళ్ళు. పెద్దన్నయ్యయితే తన నత్తినే తను వెక్కిరించేవాడు. సిగ్గుండొద్దూ!

నవ్వనిది ఒక్కతే, పెద్దన్నయ్య కూతురు. ఇరవై రెండేళ్ళు. అత్త పొయ్యి కట్టేయడం మర్చిపోతే తను కట్టేసి, ఎవరికీ చెప్పేది కాదు. ఆ పిల్లకి ఒక ఆఫీసులో ఫైళ్ళు చూసే పనికి గురువారం రమ్మని కాగితం వచ్చింది. కొత్తవాళ్ళు ప్రశ్న అడిగితే చాలు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతాయి, అదీ దాని లోపం.

"అత్తని కూర్చోబెట్టుకో, రెండు నిమిషాల పని" అన్నాడు తండ్రి.

"నా ఏడుపు నేనే ఏడుస్తాను నాన్నా. అత్తకొద్దు."

మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అత్త పప్పుల డబ్బా అడుగునుంచి మడతలు పడ్డ కవరు తీసి పిల్లకిచ్చింది. ఆసుపత్రిలో విచారణ కిటికీ దగ్గర మనిషి కావాలట. బుధవారం ఉదయం రమ్మన్నారు.

"అత్తా! ఎప్పుడు పెట్టావే దరఖాస్తు?"

"మ...మర్చిపోయానే" అంది అత్త. నిజంగానే మర్చిపోయింది. "న...నన్నెవరూ కూర్చుని అ...అడగలేదే, ఇన్నేళ్ళలో."

పిల్ల స్టూలు లాక్కుని కూర్చుంది. "నత్తి ఒక్కటీ నాకిచ్చెయ్. కిటికీ దగ్గర నీకు మాట ముఖ్యం. నాది ఫైళ్ళ పనేగా, ఎలాగో నెట్టుకొస్తా. ఉద్యోగం రానీ, ఇద్దరం వేరే గది తీసుకుందాం. నిన్ను నేను చూసుకుంటాను."

అత్త దాని మొహంలోకి చూసింది. "మీ నా...నాన్న కూడా ఇదే స్టూలు ముందు ఇ...ఇదే మాటన్నాడు."

"నేను నాన్నని కాదుగా. సరే, చెప్పండి మేడమ్, మీలో లోపాలేంటి?"

"న...న...నత్తండీ."

"ఇం...ఇంకా?" అనేసింది పిల్ల.

చిన్నప్పటి నుంచీ ఆ గదిలో ఆ ప్రశ్న వెంట ఆ మాటే వింటూ పెరిగింది, అలవాటు కొద్దీ నోరు జారింది. వెంటనే నాలుక్కరుచుకుంది. అత్త "ఇంకేం లేవండి" అంటే సరిపోయేది. అనాలనే నోరు తెరిచింది పాపం. కానీ గొంతు ఎంత తేలిగ్గా ఉందో అప్పుడే తెలిసింది.

"చేతులు వణుకుతాయండి" అంది.

"అ...అత్తా..."

"మతిమరుపండి. ఎవరైనా కేకేస్తే ఒళ్ళు జలదరిస్తుందండి. మెట్లెక్కితే ఆయాసమండి."

పిల్ల లేవబోయింది, స్టూలు వదల్లేదు. "చా...చాలత్తా, గు...గురువారం నాకు..." అంది. అత్తకి వినపడింది. బాగా వినపడింది. పిల్లంటే ప్రాణం ఆవిడకి. అయినా ఆపలేదు.

"చివరిది ఒకటుందండి. ఇది ఎవరూ ఇచ్చింది కాదు, పుట్టినప్పటి నుంచీ నాదే. ఎవరేమడిగినా కాదనలేను."

అది కూడా ఇచ్చేసి, చెమట తుడుచుకుని, "ఇంకేం లేవండి" అంది.

బుధవారం అత్త ఆసుపత్రికి వెళ్ళింది, ఉద్యోగం తెచ్చుకుంది. సాయంత్రం పెట్టె సర్దుకుని, పిల్ల ఉన్న గది వైపు చూడకుండా గడప దాటింది.

పెద్దన్నయ్య ఆ పూటంతా చిందులు తొక్కాడు. గురువారం ఉదయం పిల్ల కాగితం పట్టుకుని వీధి తలుపు దాకా వచ్చింది. "ఈ వాలకంతో ఎక్కడికే? నలుగురూ నవ్వుతారు, లోపలికి రా" అంది తల్లి. పిల్ల కాదనలేకపోయింది. లోపలికొచ్చింది.

ఆదివారం నాటికి ఇల్లు సర్దుకుంది. చిన్నన్నయ్య కొడుక్కి మర్నాడు ఇంటర్వ్యూ. వాడికి ఊరికే కోపం. చొక్కా ఇస్త్రీ అయింది, సర్టిఫికెట్లు దొరికాయి. స్టూలు ఒక కాలు పొట్టిదై ఊగుతోంటే, వాడి తండ్రి బల్ల మీదున్న పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కాలి కింద దోపాడు.

"అక్క ఖాళీగానే ఉందిగా, పిలువు" అన్నాడు.

పిల్ల వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. స్టూలు ఇప్పుడు ఊగడం లేదు. తమ్ముడు ఎదురుగా నిలబడి, కాలర్ సర్దుకుని, కోపం గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇం...ఇంకా?" అని అడిగింది పిల్ల.