చిత్తకార్తెలో ఎర్రోడు

తెల్లవారిందో లేదో కాపలాదారు సమాధానం మూడో ఉప్పుకుప్ప మీదికెక్కి, రాత్రి గాలికి లేచిపోయిన తాటాకులు సర్దుతున్నాడు. ఉప్పుమళ్లలో వానాకాలం పనంటే ఇదే. ఎండల్లో పండిన ఉప్పును ఇంటెత్తు కుప్పలు పోసి, ఆకు కప్పి, మళ్లు తిరిగి ఆరేదాకా వానకూ దొంగలకూ దక్కకుండా కాయాలి. ఆకు సందున నాలుగు చుక్కలు దిగితే చాలు, లోపల ఉప్పు చడీచప్పుడూ లేకుండా కరిగిపోతుంది. పద్దెనిమిదేళ్లుగా అతని బతుకు ఈ పదకొండు కుప్పల చుట్టూనే తిరుగుతోంది. సన్నటి మనిషి. ఉప్పునీళ్లకు మడమలు బీటలు వారి, కాలివేళ్ల సందులు తెల్లగా పాసిపోయాయి. నోట్లో నాలుక లేని మనిషని ఊళ్లో అంటారు. ఉంది, కానీ ఎవరితో ఆడిస్తాడు పాపం? అక్కడ భార్య రెబెక్కమ్మ తప్ప ఇంకో మనిషి లేదు, ఎర్రోడు తప్ప ఇంకో ప్రాణి లేదు.

ఎర్రోడు కుక్క. గుడిసె గుంజకు కట్టేస్తే, ఊరివైపు మూతి పెట్టి మూలుగుతున్నాడు. చిత్తకార్తె మరి. ఆ పదమూడు రోజులూ మగకుక్కకు యజమానీ లేడు, దేవుడూ లేడు. నిన్న సాయంత్రం ఊళ్లో చాటింపు వేశారు. బడికిపోయే పిల్లను కుక్క కరిచిందట, ఇవాళ్టి నుంచి మూడు రోజులు తిరిగే కుక్కలన్నిటికీ ఎండుచేపల్లో మందు పెడతారట. తాడు కడితే ఎర్రోడు కొరుకుతాడు. గొలుసు కడితే పోయినేడు మెడ కోసుకున్నాడు, ఆ మచ్చ ఇంకా ఉంది. తాటాకు గుడిసెలో పెట్టి మూస్తే గోడ చీల్చుకుని పోతాడు.

రెబెక్కమ్మ రాత్రే తేల్చేసింది. గొడ్లకు విత్తులు కొట్టే పోలేరయ్య తోటపల్లి గూడూరు నుంచి పొద్దున ఈ దారినే ఊళ్లోకి పోతాడు. వీడికీ విత్తులు తీయిస్తే వారం రోజులు పుండుతో పడుంటాడు, ఆ తర్వాత ఊరి ఊసెత్తడు, బతికిపోతాడు. సమాధానం ఊ అనలేదు, ఉహూ అనలేదు.

ఎట్లా అంటాడు? అరవైనాలుగులో తాలూకా ఊళ్లో మగవాళ్లకు ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. ఇద్దరు కొడుకులున్నారు, ఇంకేం కావాలి అన్నారు. వేలిముద్ర వేశాడు. చీమ కుట్టినట్టుంటుందన్నారు, అట్లాగే ఉంది. మరుసటేడు వానల్లో కలరా తగిలి పెద్దవాడు సోమవారం, చిన్నవాడు జకరయ్య గురువారం పోయారు. అంతకు రెండు నెలల ముందే జకరయ్య ఎక్కడినుంచో ఒక ఎర్రటి కూనను పలకసంచిలో వేసుకొచ్చాడు. ఆ కూనే ఎర్రోడు. ఏడాది తిరిగాక సమాధానం పదమూడు మైళ్లు నడిచిపోయి, తెగిన నరాన్ని తిరిగి కట్టొచ్చా అని డాక్టరును అడిగాడు. డాక్టరు కళ్లజోడు తుడుచుకుంటూ, మద్రాసులో ఏమైనా చేస్తారేమో అన్నాడు. మద్రాసెక్కడ, సమాధానమెక్కడ. డాక్టరు దగ్గరికి పోయిన సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

జాము పొద్దెక్కాక పోలేరయ్య వచ్చాడు. చాకు తీసి రాతిమీద నూరుతూ, ఎద్దుతో పోలిస్తే ఇదొక పనే కాదనీ, మూతి గట్టిగా పట్టుకుంటే చాలనీ చెప్పాడు. సమాధానం కూర్చుని ఎర్రోడి మూతి ఒళ్లోకి తీసుకున్నాడు. వాడు ఆటనుకున్నాడో ఏమో, తోకాడించి అరచెయ్యి నాకాడు. సమాధానం చేతులు వదిలేశాడు.

"వొద్దులే అన్నా, నువ్వు పో."

మనసు మారితే మునసబు గారి దొడ్లో సాయంత్రం దాకా ఉంటానని చెప్పి పోలేరయ్య చాకు మడిచి వెళ్లిపోయాడు. రెబెక్కమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆ పొద్దు నిన్ను కోయించుకోమని పంపించింది నేనేనయ్యా. నాకు తెలవదా? ఆ కోపమేందో నా మీద తీర్చుకో. వాణ్ణెందుకు చంపుతావు?"

"నీ మీద నాకేం కోపం లేదు మే. నన్నైతే అడిగినారు, ఏలిముద్ర ఏసినా. నోరులేనోణ్ణి ఎట్టా అడిగేది?"

అతను మళ్లీ కుప్పలెక్కాడు.

తొమ్మిదో కుప్ప మీద ఉండగా అతనికి తన మాటే తనకు చేదనిపించింది. అడిగి చేసినందుకు మాత్రం తనకు ఒరిగిందేమిటి? వాడు కొడుకుల్ని కనకపోతే ఏం, కళ్లముందు తిరుగుతుంటే చాలదా? ఆ పనేదో పొద్దునే కానిచ్చి ఉంటే ఈపాటికి మూలుగుతూనో, ముక్కుతూనో గుడిసె నీడన పడి ఉండేవాడు కదా. తనమీద తనకే ఒళ్లు మండింది. దిగి, గుడిసెవైపు కూడా పోకుండా, పోలేరయ్యను పిలుచుకు రావడానికి కాలవ కట్టెక్కి ఊరివైపు గబగబా నడిచాడు.

ఊరింకా అరమైలు ఉందనగా ఎర్రోడు కట్టమీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. మెడలో మూరెడు తాడు. మూతి దగ్గర నురగ, సగం కొరికిన ఎండుచేప. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. సమాధానం కాసేపు అక్కడే చతికిలబడ్డాడు. తర్వాత వాణ్ణి భుజాన వేసుకుని వచ్చిన దారినే తిరిగొచ్చాడు.

బిడ్డల్ని పూడ్చిన సమాధుల తోటలో కుక్కకు చోటివ్వరు. ఉప్పుమళ్ల వెనక ఇసుకలో గుంట తీశాడు. రెబెక్కమ్మ రెండు చేతులా ఇసుక తోసింది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. అంతా అయ్యాక ఆమె అక్కడే కూలబడి, "చిన్నోడిదని ఇంకేం మిగల్లేదు," అంది, ఎవరితోనో అన్నట్టు.

చేతులు కడుక్కోవడానికి సమాధానం గుడిసె వెనక్కి పోయాడు. చూరు కింద రాతిమీద ఒక కొబ్బరిచిప్ప, చీమ పట్టకుండా బాదమాకు మూసి ఉంది. ఆకు ఎత్తి చూశాడు. పుండుకు పూయడానికని రెబెక్కమ్మ పొద్దునే కలిపి పెట్టిన మందు. ఆముదం పైకి తేలి, పసుపు అడుక్కు దిగి ఉంది.