ఫిల్ము పట్టిన వేలు

కన్నమ్మ చూపుడువేలి చర్మం బీటలు వారి, గోరు నల్లబడి, ముట్టుకుంటే స్పర్శ తెలియని స్థితికి వచ్చేసరికి తిరుత్తణిలో సాలెవీధి తీర్పు చెప్పేసింది: పెద్దరోగం, కుష్ఠు. వీధికి వైద్యం చదివినవాళ్ల కంటే తొందరెక్కువ. అత్త కుప్పమ్మ ఆమెను మగ్గం దరిదాపులకు రానీయలేదు. కంచం వేరు చేసింది, చాప వేరు చేసింది. అన్నిటికంటే ఘోరం, కన్నమ్మ పసిబిడ్డను ఆమె చేతికే ఇవ్వడం మానేసింది. మొగుడు దండపాణి తల్లి ముందు నోరెత్తే రకం కాదు.

అసలు కారణం ధనకోటి డాక్టరు పళ్ల ఆస్పత్రి. కన్నమ్మ అక్కడే పనిచేసేది. ఎక్స్-రే తీసేటప్పుడు తపాలాబిళ్లంత ఫిల్మును రోగి నోట్లో, పంటి వెనక నొక్కి పట్టుకోవాలి. రోజూ ఆ పట్టుకునే వేలు కన్నమ్మది. డాక్టరు మాత్రం పొడుగు వైరున్న స్విచ్చితో తలుపవతలికి వెళ్లి నొక్కేవాడు. భయమెందుకు, వట్టి వెలుతురేగా అనేవాడు. మిషను బాగుచేయడానికి మద్రాసు నుంచి వచ్చిన మనిషి ఆమె వేలు చూసి మండిపడ్డాడు. ఏ రోగి ఫిల్ము ఆ రోగే పట్టుకోవాలని, రోజూ పట్టుకుంటే ఆ కిరణాలు వేలిని తినేస్తాయని చెప్పాడు.

ఆ మాట ఇంట్లో చెబితే అత్త నవ్వింది. డాక్టరు చేత చెప్పిస్తే నమ్ముతానంది. కన్నమ్మ వెళ్లి బతిమాలింది. తన మిషను మీద నింద వేస్తే ఊరుకోనని, రోగిష్టి మనిషి మళ్లీ గడప తొక్కొద్దని ధనకోటి గెంటేశాడు. చదువుకున్న మారాజు! తన పేరు కాపాడుకోవడానికి ఒక ఆడదాని బతుకులో మన్ను పోశాడు.

కొన్నాళ్లకు కుప్పమ్మ దవడ వాచింది. దండపాణి తల్లిని ధనకోటి దగ్గరికే తీసుకెళ్లాడు. రావద్దన్నా కన్నమ్మ వెనకే వెళ్లింది. కుర్చీలో కుప్పమ్మ నోరు తెరిచింది. కొత్తగా చేరిన మునియమ్మ ఫిల్ము పెట్టి వేలితో నొక్కబోయింది. కన్నమ్మ లోపలికి దూసుకొచ్చి ఆమె చెయ్యి పట్టి లాగేసింది.

"ఈ పొద్దు మీరు పట్టుకోండి సార్," అంది. "వట్టి వెలుతురే గదా. మీ వేలు పెట్టండి. పెడితే నాది పెద్దరోగమేనని నేనే వీధంతా చెప్పుకుంటా."

ధనకోటి బయటికి పొమ్మని అరిచాడు. కన్నమ్మ కదల్లేదు. వాకిట్లో కూర్చున్న రోగులంతా తలుపు దగ్గర మూగారు. పరువు కోసం ఆయన చెయ్యి ముసలమ్మ నోటిదాకా వెళ్లింది. అక్కడ ఆగింది. మెల్లిగా వెనక్కి వచ్చి కోటు జేబులో దూరింది.

కుప్పమ్మ అంతా చూసింది. ఫిల్మును ఆయన కాళ్ల దగ్గర ఉమ్మేసింది.

"నా కోడలి వేలైతే పెట్టచ్చు, నీదైతే పెట్టగూడదా?" అని దుమ్మెత్తిపోసి, పన్ను నొప్పితోనే కుర్చీ దిగిపోయింది.

ఇంటికి రాగానే ఉయ్యాల్లోని బిడ్డను తీసుకొచ్చి కన్నమ్మ ఒళ్లో పెట్టింది. కన్నమ్మ చూపుడువేలితో బిడ్డ చెంప నిమిరింది. ఆ వేలికి ఏమీ తెలియలేదు.

"నేను నోటితో చెప్తే నమ్మకపోతివి అత్తా," అంది తలెత్తకుండా. "వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే నమ్మినావు."